ఏమీ అనలేదు

మోహన్‌కృష్ణకు విద్యార్థుల మీద కోపం ఉండేది కాదు. కోపం రావాలంటే ఎదుటివాణ్ణి కొంతైనా లెక్కచేయాలి. ఆయన అంతదూరం దిగివచ్చేవాడు కాదు. బళ్ళారిలోని ఒక డిగ్రీ కళాశాలలో, తెలుగును రెండో భాషగా ఎంచుకున్న పిల్లలకు పంతొమ్మిదేళ్ళుగా పాఠం చెబుతున్నాడు. కన్నడం బరువై కొందరు, ఇంగ్లీషు భయమై కొందరు వచ్చి చేరేవాళ్ళే తప్ప తెలుగు కోసం వచ్చినవాణ్ణి ఆయన చూడలేదు. పైగా "వస్తాండా", "ఉండాది" అనే నోళ్ళు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్నవాళ్ళ క్యాంపులో పుట్టినవాడు గనుక, తన తెలుగు వాళ్ళకు అందదని ఆయన నిశ్చయం. గాంధీనగర్ ఇంట్లో ఒక గది నిండా తత్త్వశాస్త్ర గ్రంథాలు ఉన్నాయి. సగం చదివాడు, మిగతా సగం చదివినట్టే మాట్లాడగలడు.

ఈ ఏడు పాఠ్యప్రణాళికలో ఒక నవల పెట్టారు. బట్టల కొట్లో గుమాస్తా ఒకడు, పెళ్ళయి పిల్లలున్నవాడు, నలభై ఏళ్ళు మగవాడిగా మెలిగి, తాను స్త్రీనని ఇంట్లో చెప్పుకోవడం దాని కథ. నాలుగో అధ్యాయంలో ఆ మనిషి మొదటిసారి చీర కట్టుకుని ముందుగదిలోకి వస్తుంది. అక్కడ పెద్దన్న పేపరు చదువుతూ ఉంటాడు. తల ఎత్తి చూస్తాడు. 'అన్న ఏమీ అనలేదు' అన్న వాక్యంతో అధ్యాయం ముగుస్తుంది.

ఆ ఒక్క వాక్యం మీద మోహన్‌కృష్ణ గంటసేపు మాట్లాడాడు. మాట ఆగిన చోట తీర్పు కూడా ఆగుతుందన్నాడు. మౌనం అంగీకారానికి అత్యున్నత రూపమన్నాడు. ముగ్గురు తత్త్వవేత్తలను సాక్ష్యానికి పిలిచాడు. పిల్లలు కిటికీలోంచి బయటికి చూశారు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అనుకుని ఆయన సుద్దముక్క కింద పెట్టాడు.

అంతలో పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటర్నల్ మార్కులు ఇరవై ఇక రాతపరీక్షకు కాదట. పిల్లల చేత ఏదైనా చేయించాలట. ఎలాగూ ఫోన్లు వదలరు గదా అని ఆయన ఒక పని పురమాయించాడు: ఇంటా బయటా రోజూ వినపడే మామూలు చప్పుళ్ళతో, పాట పెట్టకుండా, కథ చెప్పకుండా, నవలలో ఏదైనా ఒక అధ్యాయానికి మూడు నిమిషాల వ్యాఖ్యానం చేసి పంపాలి. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది మన చదువు" అని తోటి అధ్యాపకులతో చెప్పుకుని నవ్వుకున్నాడు.

రిజిస్టరులో ఇరవై మూడో నంబరు హొన్నూరుస్వామిది. సండూరు అవతల తారానగర్ నుంచి రోజూ బస్సులో వస్తాడు. జూన్‌లో అందరిలాగే ఉన్నాడు. ఆగస్టు నాటికి జుట్టు భుజాల మీదికి దిగింది, చెవులకు చిన్న పోగులు వచ్చాయి. దానితో పాటు హాజరు పలకడం మానేశాడు. మూడో బెంచీలో ఎదురుగా కూర్చునే ఉంటాడు, పేరు పిలిస్తే మాత్రం ఉలకడు, పలకడు. ఒకరోజు మోహన్‌కృష్ణ నేరుగా అడిగాడు, చెవుడేమైనా వచ్చిందా అని.

"ఆ పేరు గలోడు ఈ పొద్దు రాలేదు సార్" అన్నాడు హొన్నూరుస్వామి, వినయంగానే.

క్లాసు గొల్లుమంది. మోహన్‌కృష్ణకు ఆ తర్కం నచ్చింది కూడా. నామానికీ నామికీ మధ్య ఉన్న సంబంధం గురించి ఎంత చెప్పినా తలకెక్కని గదిలో ఒకడు దాన్ని తెంచి చూపించాడు. స్టాఫ్ రూములో ఆ మాట చెప్పి అందరినీ నవ్వించాడు. రానివాడికి వేయవలసింది వేశాడు, ఎర్ర సిరాతో. ఆ తర్వాత ప్రతిరోజూ వేశాడు. వేయడంలో ఒక రుచి కూడా ఉండేది.

అరవై క్లాసుల్లో ముప్ఫైయేడు గైర్హాజరీలు. నూటికి డెబ్బైయైదు లేనివాళ్ళకు హాల్ టికెట్ రాదు. ఆ జాబితా సోమవారం పన్నెండింటికల్లా ప్రిన్సిపాల్‌కు చేరాలి. తెలుగు క్లాసులో జాబితాకెక్కేది ఒక్క పేరే.

శుక్రవారం ఆ పిల్లవాడి తల్లి యంకమ్మ వచ్చింది. గది లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది. వాడు పొద్దున్నే బస్సెక్కడం తాను కళ్ళారా చూస్తున్నానని, ఈడికి రాక యాడికి పోతాడని, ఆమె అడిగింది. పరీక్ష తప్పితే చదువు మాన్పించి గని లారీ మీదికి క్లీనరుగా తోలేస్తానని వాళ్ళ నాయన చెప్పేశాడట.

"లారీ మీద మగోళ్ళ మధ్య రాత్రింబగళ్ళు ఉండల్ల సార్ అది" అంది. వెంటనే "వాడు" అని దిద్దుకుంది.

నియమం నియమమేనని మోహన్‌కృష్ణ చెప్పాడు. ఆమెకు అర్థమయ్యే మాట అంతకంటే లేదనుకున్నాడు.

ఆదివారం పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పిల్లల చప్పుళ్ళు వినడానికి కూర్చున్నాడు. ముప్ఫైయొక్క మందిలో పంతొమ్మిది మంది గాజులు పంపారు. ఆడతనమంటే గాజులని, అవి గలగలమంటాయని, వాళ్ళకు ఎవరో చెప్పి ఉండాలి. క్యాంపు నుంచి వచ్చే సురేష్ మొదట తన బుల్లెట్ మోటారుసైకిల్ వినిపించి, దాన్ని ఆపేసి, పట్టీలు వినిపించాడు. మగవాడు బండి దిగగానే ఆడదైపోయాడన్నమాట. ప్రసన్నలక్ష్మి గడ్డం గీసే చప్పుడుతో మొదలుపెట్టి మిక్సీతో ముగించింది. ఒకడు కుక్కరు పెట్టాడు: మూడు కూతలు, మూడో కూతకు పరివర్తన పూర్తి. మరొకడు వట్టి వాన పంపాడు, ఏ అధ్యాయమో రాయలేదు. మోహన్‌కృష్ణ ఒక్కొక్కరికి పదకొండు, పన్నెండు వేసుకుంటూ పోయాడు. ఆయనకు ఆ ఉదయం చాలా సుఖంగా గడిచింది.

ఇరవై మూడో నంబరు దగ్గర మొదట ఏమీ అర్థం కాలేదు. ఫ్యాను కీచుమంటోంది. కాగితం తిరిగింది. "సురేష్" అని ఒక గొంతు, "ఎస్ సార్" అని మరొకటి. తర్వాత ముక్కులోంచి పొట్టిగా వెలువడిన ఒక గాలి. ఆ వెంటనే, "హొన్నూరుస్వామి." నిశ్శబ్దం. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. కాగితం మీద కలం గీత. తర్వాత పేరు, "ఎస్ సార్." అంతే. మళ్ళీ ఫ్యాను.

పిలిచేది తన గొంతేనని గుర్తుపట్టడానికి మోహన్‌కృష్ణకు నాలుగు రోజులు పట్టింది. అంటే రికార్డింగులో నాలుగు రోజులు. ఒకరోజు వెనక వాన పడుతోంది. ఒకరోజు కరెంటు లేదు, ఫ్యాను లేదు, అంచేత ఆ గాలి మరింత స్పష్టంగా వినపడింది. మూడు నిమిషాల్లో ముప్ఫై రోజులు కుట్టి పెట్టాడు ఆ పిల్లవాడు. ముప్ఫై రోజులూ ఇరవై రెండుకూ ఇరవై మూడుకూ మధ్య అదే గాలి, అదే పొడవు. చేపలబజారులో కుళ్ళిన చేప దగ్గర మనిషి వదిలే గాలి.

కింద ఒక్క వాక్యం రాసి ఉంది. 'నాలుగో అధ్యాయం: అన్న ఏమీ అనలేదు.'

మొదట ఆయన కోపగించుకున్నాడు. అనుమతి లేకుండా అధ్యాపకుణ్ణి రికార్డు చేయడం నేరమనుకున్నాడు, ప్రిన్సిపాల్‌కు రాయవలసిన ఉత్తరంలో మొదటి వాక్యం కూడా కుదిరింది. తర్వాత తనకు జలుబు ఉండి ఉంటుందనుకున్నాడు. మళ్ళీ పెట్టి విన్నాడు. ఆ పిల్లవాడు తెలివిగా ముందొక పేరును, వెనకొక పేరును కలిపి ఉంచాడు. సురేష్ ముందు జలుబు లేదు, ఇరవై నాలుగో నంబరు ముందూ లేదు. జలుబు ఒక్క మనిషిని చూసి రాదు.

మూడోసారి విన్నాక కాఫీ తొరక కట్టింది. ఆయనను బాధించింది ఏమిటో ఆయనకు తెలుసు, దాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఒక మనిషిని అవమానించానన్నది అంతగా బాధించలేదు. అధ్యాయం తప్పు చదివానన్నది బాధించింది. రచయిత 'అన్న ఏమీ అనలేదు' అని రాస్తే తాను దాన్ని మౌనమని చదివాడు. పేపరు చదువుతున్న ఆ అన్న ముక్కులో ఏముందో వినలేదు. వినిపించుకోకుండానే ముగ్గురు తత్త్వవేత్తలను పిలిచి ఆ చప్పుడుకు గంధం పూయించాడు. ఇన్నాళ్ళూ తనది నిష్పాక్షికత అనుకున్నాడు. ఎవరినీ ఒక్క మాట అనని మనిషని పేరు తెచ్చుకున్నాడు. అల్మరా వైపు చూశాడు. ఏ పుస్తకమూ తీయలేదు.

ఆ సాయంత్రమంతా తప్పించుకునే దారులు వెతికాడు. ఎవరికీ చెప్పకుండా హాజరు దిద్దేస్తే సరిపోతుందనుకున్నాడు. ఏమీ అనకుండా చేసే ఉపకారం. ఆ ఆలోచనకు తానే చిరాకుపడ్డాడు. చివరికి ఒక మధ్యేమార్గం తోచింది: పేర్లు లేకుండా నంబర్లు పిలిస్తే ఎవరికీ ఏ బాధా ఉండదు. తత్త్వం చదివినవాడికి తోచవలసిన ఉపాయమే అని మురిసి నిద్రపోయాడు.

సోమవారం పది గంటలకు రిజిస్టరు తెరిచి ఒకటి, రెండు అని పిలవడం మొదలుపెట్టాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటూనే పలికారు.

"ఇరవై మూడు" అన్నాడు.

ఇంకోసారి పిలిచాడు.

మూడో బెంచీ నుంచి గొంతు వచ్చింది. "నంబర్లు లారీలకుంటాయి సార్."

"పర్మిట్టుందేమో చూడండి సార్" అన్నాడు వెనక నుంచి సురేష్. క్లాసు నవ్వింది.

మూడో బెంచీ మనిషి వెనక్కి తిరిగింది. "నీ బుల్లెట్‌కి కాగితాలుండాయా ముందు చూసుకోప్పా. పోయిన వారం స్టేషన్ కాడ నిలబడుకోనుంటివే." ఈసారి నవ్వు సురేష్ మీదికి మళ్ళింది.

మోహన్‌కృష్ణ ఆ సందడి సద్దుమణిగేదాకా ఆగాడు. తర్వాత పంతొమ్మిదేళ్ళలో ఎవరినీ అడగని ప్రశ్న అడిగాడు.

"మరి ఏమని పిలవాలి?"

అది వెటకారమా కాదా అని ఆ కళ్ళు కాసేపు ఆయన మొహంలో వెతికాయి.

"అంబిక అని పిలవండి సార్. హాల్ టికెట్లో ఆ పాత పేరే వస్తాది, దాన్ని మీరేం చేయలేరు. పరీక్షకి వాణ్ణే పంపిస్తాలే."

ఆయన కలం పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు, ముక్కులోంచి ఏదీ రాకుండా. అందువల్ల "అంబిక" అన్న మాట నూతిలో పడ్డ చెంబులా బుడుంగుమంది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు అంబికను చూసి కాదు. ఆ గదిలో ఆయన తన మీద నవ్వు వినడం అదే మొదలు.

"ఎస్ సార్" అంది అంబిక. ఇరవై రెండో నంబరు ఎలా అన్నాడో అలాగే.

కృతజ్ఞత కోసం ఆయన ఒక్క క్షణం చూశాడు. ఆ అమ్మాయి అప్పటికే నోటుపుస్తకం తెరిచి కలానికి మూత తీస్తోంది. ఆయన ఇరవై నాలుగును పేరుతో పిలిచాడు.

పాఠంలోకి వచ్చాక, నాలుగో అధ్యాయం మీద తాను రాయించిన నోట్సు తప్పని, దాన్ని కొట్టేయమని చెప్పాడు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే ఏం రాయాలని సురేష్ అడిగాడు. చెవులున్నవాళ్ళు విన్నది రాయండి, లేనివాళ్ళు గైడు చూసి రాయండి అన్నాడు మోహన్‌కృష్ణ. అంతమాత్రాన ఆయన మారిపోలేదు.

పదకొండున్నరకు స్టాఫ్ రూములో రిజిస్టరు ముందేసుకుని ఎర్ర గీతలు దిద్దడానికి కూర్చున్నాడు. అటెండరు కెంచప్ప జాబితా కోసం వచ్చి నిలబడ్డాడు. రెండు నిమిషాలు చూసి, వంగి, పేజీలోకి తొంగి చూశాడు.

"ఏంది సార్, రాలేదన్నోడు ఇప్పుడొచ్చినాడా?"

పక్క బల్ల దగ్గర ఇద్దరు అధ్యాపకులు తల ఎత్తారు. ఇదివరకు అక్కడే 'ఆ పేరు గలోడు రాలేదు' అన్న మాట చెప్పి ఆయన వాళ్ళను నవ్వించాడు.

"వచ్చింది" అన్నాడు మోహన్‌కృష్ణ. "రోజూ వచ్చింది. లేదని రాసింది నేను."

కెంచప్ప ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుకున్నట్టు కనిపించాడు, కానీ అతనికి కావలసింది వేరే. "అట్ల ఊరికే దిద్దితే ఆఫీసులో ఒప్పుకోరు సార్. ఒక్కోదాని కింద మీ సహి ఉండల్ల. బేగ కానీయండి, పన్నెండైతాంది."

"అన్నిటికీనా?"

"ఎన్ని తప్పులుంటే అన్ని సార్."

పక్క బల్ల నుంచి ఒకరు సన్నగా నవ్వారు. మోహన్‌కృష్ణ కలం మార్చి, ఆగస్టు పేజీకి వెళ్ళి, మొదటి గీతను కొట్టేసి, దాని కింద తన పొడి అక్షరాలు రాశాడు. ముప్ఫైయారు మిగిలాయి. కెంచప్ప కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.