కిరాయిలో లేని పన్నెండు మెట్లు

ప్రయాణం ముగిసిన ప్రతిసారీ దశరథం ఫోన్ చేయి చాచేది. ఆటో నడిపే లియాఖత్ అలీ ముఖం తెర మీదికి వచ్చి, దాని కింద పది, ఇరవై, యాభై అని మూడు వృత్తాలు వెలిసేవి. లియాఖత్‌కు టిప్ ఇచ్చి సంతోషపెట్టమని అభ్యర్థన. వద్దనే గుర్తు ఏ మూలన దాగి ఉందో వెదకడానికి కళ్లజోడు సవరించుకోవలసి వచ్చేది. నల్లగొండలో ముప్పయ్యేళ్లు తెలుగు బోధించి, ఇప్పటికీ ప్రతి ఏకాదశికీ పదిమందికి పురాణం చెప్పే దశరథానికి దానధర్మాలు తెలియనివి కావు. అడగక ముందే ఇచ్చేది ఉత్తమం. అడిగితే ఇచ్చేది మధ్యమం. కిరాయి పుచ్చుకొని, ఆపైన యంత్రం చేత యాచింపజేసే దానికి ఏ శాస్త్రంలోనూ పేరు లేదని ఆయన విసుగు.

భార్య అండాలుకు మోకాలి ఆపరేషన్ జరిగి నెల కాలేదు. వారానికి మూడుమార్లు దవాఖానలో కాలు వంచే కసరత్తు చేయించాలి. మానితే కీలు బిగిసిపోతుందని డాక్టరు ఖండితంగా చెప్పాడు. కాపురమేమో మేడ మీద. ఫోన్‌లో ఆటో పిలిస్తే, ఆ వీధి దాపునే ఉండే లియాఖత్ వచ్చేవాడు. పైకి ఎక్కి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు తాను, వెనుక దశరథం పట్టుకొని పన్నెండు మెట్లూ దించేవాడు.

ఏడోసారి కూడా ఫోన్ అడిగేసరికి దశరథం ఓర్పు తెగింది. లియాఖతే ఏదో మీట నొక్కి అడిగిస్తున్నాడని ఆయన నమ్మకం. గడియారం సెంటర్‌లో డ్రైవర్లందరూ చాయ తాగుతుండగా నిలదీశాడు.

“నోటితోటి అడగ సిగ్గయి ఫోన్‌తోటి బిచ్చమెత్తుతున్నవా లియాఖత్?”

లియాఖత్ గ్లాసు కింద పెట్టి, ఆటో తిప్పుకొని పోయాడు.

తరువాత పిలిచినప్పుడు అతని పేరు తెర మీద కనబడి, మరుక్షణమే రద్దయింది. బదులుగా ఎల్లేష్ అనే పడుచువాడు వచ్చి, గేటు ముందర హారన్ కొట్టాడే గాని దిగలేదు. కిరాయి రోడ్డు వరకే గాని మెట్లకు కాదన్నాడు. దశరథం మండిపడి, ఫోన్‌లో టిప్పు అడిగించడం మాత్రం మీకు బాగా వచ్చునని దులిపాడు. ఎల్లేష్ తన ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టాడు.

“చూడుండ్రి సార్, మాకు అడిగే బటనే లేదు. గదంత కంపెనీవోడే అడుగుతడు. మీరిచ్చినంకనే మాకు తెలుస్తది.”

ఆనాటి కసరత్తు పోయింది. పైన చీర మార్చుకొని, కుర్చీలో సిద్ధంగా కూర్చున్న అండాలు జరిగినదంతా విన్నది.

“ఇంకో రెండుసార్లు గిట్లనే పోతే నా కాలు కట్టెయితది. మీ ధర్మశాస్త్రమొచ్చి వంచుతదా?”

తప్పు పదిమందిలో చేశాడు గనుక దిద్దుకోవడమూ పదిమందిలోనే కావాలి. తన తొందరపాటును తానే తిట్టుకొంటూ దశరథం గడియారం సెంటర్‌కు పోయి, తెలియక అన్నానని లియాఖత్‌తో చెప్పి, వంద నోటు చాచాడు.

“లోపల పెట్టుకోండ్రి సార్,” అన్నాడు లియాఖత్. “టిప్పిస్తె వద్దనేటోన్ని కాదు. గని ఇప్పుడు తీసుకుంటె మీరన్న గా మాటను అమ్ముకున్నట్టయితది. ఇన్ని రోజుల సంది అమ్మను మోస్తున్న. నీ నడుమెట్లున్నదని ఒక్కనాడన్న అడిగిండ్రా?”

దశరథం నోటు మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

లియాఖతే దారి చూపాడు. రేపు వస్తాడట, కాని ఎల్లేష్‌ను వెంట తెస్తాడట. దశరథం వెనుక పట్టుకొంటే బరువంతా ముందుకే వాలుతున్నదట. “వానికి మెట్లకని వేరే ఇయ్యుండ్రి. వాడు అడిగి తీసుకుంటడు.” పక్కనే ఉన్న ఎల్లేష్ తప్పకుండా అడుగుతానని పళ్లికిలించాడు.

మరునాడు ఆ ఇద్దరూ కుర్చీ ఎత్తారు. భార్య చెప్పులూ, దవాఖాన కాగితాలూ పట్టుకొని దశరథం ముందు దిగాడు. కుర్చీ ఎన్నడూ లేనంత తిన్నగా దిగిందని ఆమె ఎల్లేష్‌ను మెచ్చుకొంటూంటే ఆయనకు చిరాకు వేసింది. ఆమె ఆటోలో కుదురుకొన్నాక ఆయన గొంతు సవరించుకొన్నాడు.

“నడుమెట్లున్నది లియాఖత్?”

“నొస్తాంది సార్,” అని లియాఖత్ ఆటో స్టార్ట్ చేశాడు.