ఖాళీ ఇంటి ధ్రువపత్రం

ఇల్లు నివాసయోగ్యం కాదని మునిసిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించిన మర్నాటి నుంచి మా వంటకి వాసన లేదు. ఎండుమిరపకాయలు మాడ్చినా పక్కింటివాళ్ళు తుమ్మరు.

ఇది మాకు మంచిదే. ఎవరూ ఉండని శిథిల గృహానికి పన్ను మినహాయింపు ఉంది. ఒక్క మనిషి ఉన్నట్టు తేలినా అది పోతుంది, పన్ను కట్టలేక ఇల్లు వేలానికి వెళ్తుంది. ఉంటున్నది నేనూ, పక్షవాతంతో మంచం పట్టిన అత్తయ్యా. మాకు ఇంకో చోటు లేదు.

తనిఖీ రోజు పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గు పెట్టేస్తాను. పెట్టాక గుర్తొస్తుంది.

బిల్ కలెక్టర్ అప్పలసూరి గారు ముగ్గు తొక్కకుండా నిలబడి, నా వెనక గోడతో మాట్లాడతారు.

"ఖాళీ ఇంటికి ముగ్గేటమ్మా?"

"చేతి అలవాటండీ. నేను లేను."

"మీరు లేరు, నాకూ అగుపడతంది. చెయ్యుంది కదా. చెయ్యొకటి కాపరం ఉందని రాసీమంటారా?"

"చెరిపేస్తాను."

"పెట్టిన ముగ్గు చెరిపీసేది చావు జరిగిన గుమ్మంలోనే. తరవాత నన్ననకండి."

చీపురు తెచ్చి చెరిపేస్తాను. లోపలి గదిలోంచి అత్తయ్య అడుగుతుంది.

"ఎవరు పోయారే?"

"ఇల్లు, అత్తయ్యా."

"పోనీలే. మంచాన పడకుండా పోయింది."

వీధివాళ్ళు వెదురుబొంగులు తెస్తారు. ఇంటిని పాడె మీద కట్టి నలుగురు ఎత్తుకుంటారు. మేం లోపలే ఉన్నాం. మలుపు వచ్చినప్పుడల్లా అత్తయ్య మంచం జారకుండా పట్టుకుంటాను. కిటికీలోంచి పేలాలు వచ్చి పడతాయి. వాటిని ఏరి పళ్ళెంలో వేస్తాను.

సగం దారిలో, దింపుడు కళ్ళం దగ్గర పాడె దింపుతారు. ఇక్కడ పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పిలవాలి. ఎవరైనా పలికితే ఇల్లు ఖాళీ కాదు. అప్పలసూరి గారు కిటికీ ఊచలకు నోరు ఆనించి మా డోర్ నంబరు పిలుస్తారు.

మొదటిసారి ఎవరమూ పలకం.

రెండోసారికి అత్తయ్య నా వైపు చూస్తుంది. "పెద్దమనిషి పిలుస్తుంటే పలకవేమే?"

"పలికితే వీధిన పడతాం, అత్తయ్యా."

"పలక్కపోతే?"

మూడోసారి పిలుస్తారు. అత్తయ్య ఊపిరి తీసుకుని నోరు తెరుస్తుంది. నేను అరచేత్తో మూసేస్తాను.

బయట కాగితం మీద ముద్ర గుద్దిన చప్పుడు. పాడె మళ్ళీ లేస్తుంది.

చెయ్యి తీసి చూస్తాను. అత్తయ్య నోరున్న చోట చిన్న చెక్క తలుపు ఉంది. గడియ నా వైపు వేసి ఉంది. లోపలి నుంచి ఎవరో తడుతున్నారు, ఒక్కసారి తట్టి, చాలాసేపు ఆగి, మళ్ళీ మర్యాదగా.