వెనక సీలు

మావయ్య ఫోన్ చేసి, "శనివారం వస్తున్నా అక్కా, బండి గేర్‌బాక్సు దింపేద్దాం" అన్నప్పుడే మా అమ్మ మొహం మారిపోయింది.

"అడక్కుండా సాయం చేస్తానంటున్నాడంటే ఏదో ఉందే," అంది ఫోన్ పెట్టేసి.

బండి అంటే తాతయ్య కారు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. తాతయ్య పోయేముందు దాన్ని అమ్మకిచ్చాడు. అమ్మది ఫొటో ఫ్రేముల కొట్టు. మావయ్యేమో బస్సు డిపోలో గేర్‌బాక్సులు విప్పి బిగించే మెకానిక్కు. చుట్టాల్లో అందరికీ ఆయన గేర్ల మావయ్యే. అలాంటివాణ్ణి వదిలేసి కారు కూతురికెందుకిచ్చాడో తాతయ్య చెప్పలేదు, మావయ్యా అడగలేదు. ఆ అడగకపోవడమే అమ్మకి ముల్లులా గుచ్చుకునేది. "పోట్లాడినా బాగుండేది. వాడు లోపల దాచుకున్నాడు," అనేది.

పైగా వేసవిలో నల్లకళ్లద్దాల మనిషొకడు గేటు దగ్గరకొచ్చి, పాత కార్లు కొంటానని, ఇది అమ్ముతారా అని అడిగాడు. ఎవరు చెప్పారని అమ్మ నిలదీస్తే, "మీ తమ్ముడుగారే" అన్నాడు. అమ్మ వాణ్ణి లోపలికి కూడా రానివ్వలేదు. ఆ సంగతి మావయ్య దగ్గర ఎత్తనూ లేదు.

కారు ఈమధ్య నూనె కారుస్తోంది. గేర్‌బాక్సుకి ముందొకటి, వెనకొకటి రబ్బరు సీళ్లుంటాయి, తిరిగే ఇరుసు చుట్టూ నూనె బయటికి రాకుండా. అవి ఎండి బిరుసెక్కాయి. పాత బండి సామాను మళ్లీ దొరుకుతుందో లేదోనని అమ్మ కొత్త సీళ్లు కాస్త ఎక్కువే తెప్పించి బీరువాలో పెట్టుకుంది. వేయించడం మాత్రం వాయిదా వేస్తోంది. ఏ మెకానిక్కు చేతిలో పెట్టినా మంచి సామాను తీసేసి చెత్త వేస్తాడని ఆవిడ భయం. సొంత తమ్ముడి మీదా అదే భయమని నాకు శనివారం తెలిసింది.

మావయ్య పొద్దున్నే తన పానాల పెట్టెతో దిగాడు. చిక్కిపోయాడు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగి, షెడ్డులోకి నడిచాడు. వెనకే అమ్మ ఒక స్టూలు, గరుకు కాగితం, సగం చేసిన ఫ్రేమొకటి పట్టుకుని బయల్దేరింది.

"కొట్టు తెరవవా?" అన్నాడు మావయ్య.

"మధ్యాహ్నం తెరుస్తాలే. ఈ చెక్క ఇక్కడ కూర్చునే రుద్దుకుంటా. నా మానాన నేనుంటా, నీ పని నువ్వు చేసుకో."

చెక్క రుద్దిందేమో కానీ కళ్లు మాత్రం తమ్ముడి చేతుల మీదే. మావయ్య బండిని స్టాండ్ల మీదకెత్తాడు, గేరాయిలు బకెట్లోకి వదిలాడు, చక్రాలకి వెళ్లే పొడుగాటి షాఫ్టు విప్పాడు. గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి, బోల్టులు ఊడదీసి, మెల్లగా దించాడు. ప్రతి బోల్టుకీ ఆగి, వేళ్లు విదిలించి, మళ్లీ పట్టుకునేవాడు. నాకది అలసటలా కనబడింది.

"చూశావా, కావాలనే నానుస్తున్నాడు," అంది అమ్మ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి. "డిపోలో అరపూటలో దించేస్తాడట. ఇక్కడెందుకింత సాగదీత?"

"పాత బండి కదమ్మా."

"నువ్వూ నీ అమాయకత్వమూ! నేను కొట్టు దాకా వెళ్లొస్తా. టీ వంకతో వెళ్లి ఓ కన్నేసి ఉంచు."

టీ తీసుకెళ్లేసరికి షెడ్డులో మావయ్య లేడు. వెనక గోడ దగ్గర నీళ్ల ట్యాంకు చాటున నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అక్కకి చెప్పలేదు. చెప్పనుకూడా... ఈ బండి పనవగానే తేల్చేస్తా. ఉంచుకోవడమా, వదిలేసుకోవడమా అన్నది. అందాకా నువ్వు ఎవరి దగ్గరా నోరెత్తకు."

చడీచప్పుడు కాకుండా షెడ్డులోకి వచ్చేశాను. అప్పుడే బల్ల మీద చూశాను. ముందు సీలు కొత్తది కూర్చోబెట్టి ఉంది. వెనక సీలు ప్యాకెట్ చింపి ఉంది. గేర్‌బాక్సు వెనక భాగంలో మాత్రం సీలు ఉండాల్సిన చోటు ఖాళీ. బల్ల మీద లేదు, కింద లేదు. పాత సీలు చెత్తడబ్బాలో ఉంది. మరి కొత్తదేమైంది?

"ప్యాకెట్లోది ఏది మావయ్యా?" అన్నాను ఆయన రాగానే.

"అదా... సైజు తేడా వచ్చింది. ఇంకోటుందా?" అన్నాడు నా వైపు చూడకుండా. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. లోపల గుండ్రంగా ఏదో ఉబ్బెత్తుగా కనబడింది.

నేను బీరువాలోంచి ఇంకో ప్యాకెట్ తెచ్చిచ్చాను. "నువ్వెళ్లు తల్లీ, నేను చూసుకుంటా," అని పంపేశాడు. లోపలికి వెళ్తుంటే సుత్తి చప్పుడు వినబడింది. రెండు దెబ్బలు. తర్వాత ఏమీ లేదు. కాసేపటికి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇంకోటి," అన్నాడు. అదీ ఇచ్చాను.

అమ్మ కొట్టునుంచి రాగానే అంతా చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. విన్నకొద్దీ అమ్మ పెదాలు బిగుసుకుపోయాయి.

"అనుకున్నా. ఆ కళ్లద్దాలవాడే ఫోన్లో. సీళ్లు మాయం చేసి, బండి బాగుపడదని నాకు చెప్పి, అగ్గువకి వాడికి అంటగడతాడు."

"మరి మొదట ఎందుకు విప్పినట్టు?"

"విప్పేసి ముక్కలుగా పెడితే ఇంక నేనేం చేసుకుంటానే? అమ్మక చస్తానా?"

ఆ మాటలో ఎంత లాజిక్కుందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నాకూ నిజమేననిపించింది. అమ్మ చీరకొంగు నడుముకి దోపి షెడ్డులోకి నడిచింది. మావయ్య గేర్‌బాక్సు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"జేబులో ఏముందిరా?"

"ఏం లేదక్కా."

"ఏం లేనిదానికి చెయ్యెందుకు అడ్డం పెట్టావు? తీయ్."

మావయ్య జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. మూడు కొత్త సీళ్లు. మూడింటికీ ఇనప అంచు ఒకవైపు నొక్కుకుపోయి ఉంది. ఒకదానికి ఇరుసుని హత్తుకునే రబ్బరు పెదవి మడతపడి చిరిగింది.

"కొత్తవాటిని ఇలా చితక్కొట్టావేంట్రా? ఎవడు చెప్పాడు చెయ్యమని? ఆ కళ్లద్దాలవాడా?"

"వాడి సంగతి నీకు తెలుసా?"

"గేటు దాకా వచ్చాడు!"

"వాడికి చెప్పింది నేనేనక్కా," అన్నాడు మావయ్య. "నాన్న నీకిచ్చాడన్న ఉక్రోషంతో చెప్పా. అమ్మేస్తే నా కళ్లముందు ఉండదు కదా అనుకున్నా. తర్వాత సిగ్గేసింది. ఇది మాత్రం అది కాదు. నేను వంచలేదు. వంగిపోయాయి."

కుడిచెయ్యి చాపి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ చూపించాడు. "ఈ మూడు వేళ్లూ నావి కావు. మొద్దుబారిపోయాయి. బోల్టు పట్టుకున్నానో గాలి పట్టుకున్నానో చూస్తేగానీ తెలీట్లేదు. సీలు తిన్నగా దిగుతోందో ఒరిగిపోతోందో చేతికి తెలియాలి. అది తెలీడం లేదు."

ఏళ్ల తరబడి అదిరే యంత్రాలతో బోల్టులు విప్పడం వల్ల నరాలు దెబ్బతిన్నాయట. మొన్నొక బస్సుకి ఆయన వేసిన సీలే కారిపోయి దారంతా నూనె పారిందట. పక్కనున్న మెకానిక్కు తన మీద వేసుకుని కాపాడాడు. ఫోన్లో ఉన్నది అతనే. ఫోర్‌మన్‌కి చెప్పెయ్యమని పోరుతున్నాడు. ఉద్యోగం ఉంచుకోవడమా, వదులుకోవడమా అన్నది ఈ కారు మీద తేల్చుకుందామని వచ్చాడు మావయ్య.

"దీని ప్రతి బోల్టూ నాకు కంఠతా వచ్చు. ఇక్కడ కూడా చెయ్యలేకపోతే ఇంకెక్కడా చెయ్యలేను," అన్నాడు.

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. బొటనవేలు గట్టిగా నొక్కింది. "తెలుస్తోందా?"

"లేదు."

ఇంకా గట్టిగా గిల్లింది.

"లేదక్కా. నువ్వు గిల్లడం కనబడుతోందంతే."

అమ్మ చెయ్యి వదల్లేదు. కళ్లనిండా నీళ్లున్నా మాట మాత్రం గద్దించినట్టే వచ్చింది. "ఇంకో వెనక సీలుంది. ఎలా కొట్టాలో చెప్పు, నేను కొడతా."

"నువ్వా?"

"ఫ్రేము మూలలు వెంట్రుక వాసి తేడా లేకుండా కలుపుతాన్రా. ఇదొక లెక్కా?"

మావయ్య పక్కన కూర్చుని చెప్తూ పోయాడు. కూర్చునే చోటు గుడ్డతో తుడవమన్నాడు. రబ్బరు పెదవికి నూనె రాయమన్నాడు. స్ప్రింగున్న వైపు లోపలికి ఉండాలన్నాడు. అమ్మ పైన చెక్కముక్క పెట్టి, రబ్బరు సుత్తితో చుట్టూ తిప్పుతూ చిన్నచిన్న దెబ్బలు వేసింది. "ఎడమవైపు లేచింది... ఊఁ, ఇప్పుడు కుడి... ఆగు ఆగు, చాలు." సీలు అంచు సమంగా కూర్చుంది. మావయ్య ఎడమచేతి వేలితో చుట్టూ తడిమి, తలూపాడు.

ఆదివారమంతా పట్టింది గేర్‌బాక్సు మళ్లీ ఎక్కించి నూనె పొయ్యడానికి. సాయంత్రం ముగ్గురం ఒక చుట్టు తిరిగొచ్చి కింద అట్టముక్క పరిచాం. పొద్దున చూస్తే వెనక భాగం పొడిగా ఉంది. ముందు వైపు మాత్రం అట్ట మీద రూపాయి బిళ్లంత మరక.

ముందు సీలు మావయ్య వేసింది.

ఆయన వంగి ఆ మరకని ఎడమచేతి వేలితో ముట్టుకున్నాడు. తర్వాత మా ఎదురుగానే ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాడు. దాపరికం లేకుండా అంతా చెప్పాడు. ఆయనకి స్టోర్‌రూములో పనిచ్చారు. అది మావయ్యకి నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. సుత్తీ, అదిరే యంత్రాలూ ముట్టుకోకపోతే వేళ్లకి కొంత స్పర్శ తిరిగి రావచ్చని డాక్టరు అన్నాడు. ఇంకా రాలేదు.

ముందు సీలు కోసం గేర్‌బాక్సు మళ్లీ దించక తప్పలేదు. ఆ పైవారం అమ్మ నా పాత ప్యాంటు వేసుకుని బండి కింద దూరింది. మావయ్య స్టూలు మీద కూర్చుని ఒక్కో బోల్టూ చెప్తున్నాడు. ఉన్నట్టుండి అమ్మ కిందనుంచే అరిచింది.

"ఒరేయ్, నిజం చెప్పు. ఇంకేం దాచావు?"

"ఏం లేదక్కా."

"ఒట్టు?"

"ఒట్టు. ముందా పానా ఇటు తిప్పు, బోల్టు అరిగిపోతోంది."