దక్షిణం హద్దు

శాంతయ్య గడప ముందు ఆగి, చెప్పు కొసతో దాన్ని తడిమి, అప్పుడు లోపలికి అడుగేశాడు. ఏడాదిగా ఇదే అలవాటు. ఆళ్లగడ్డ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు టైపు చేసే ఆ కొట్టులో ఆయనకు ముప్పై ఏళ్లుగా ఒకటే చోటు. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. మీటల వైపు చూడనక్కరలేదు. వేళ్లకే తెలుసు.

ఈ పొద్దు బల్ల మీద కొత్త కంప్యూటరు ఉంది. దాన్ని నంద్యాల నుంచి తెచ్చిన మహేష్ వైర్లు బిగిస్తున్నాడు. పాతది మూలన నేల మీద ఉంది.

శాంతయ్య కూర్చున్నాడు. లేచి నీళ్లు తాగాడు. మళ్లీ కూర్చున్నాడు. బల్ల కింద మోకాలు ఆగకుండా ఊగుతోంది. కొత్త తెరకు టాస్క్‌బార్, అంటే పనుల గుర్తులుండే పట్టీ, అడుగున ఉంది. పాతదాంట్లో ఆయన దాన్ని ఎడమ అంచున నిలువుగా పెట్టుకున్నాడు.

ఇది కూడా ఎడమకు పెట్టమని అడిగాడు. మహేష్ చాలాసేపు వెతికి, గుర్తులను మాత్రం నడుమ నుంచి ఎడమ మూలకు జరిపాడు.

"అంతేన్నా. ఈ కొత్తదాంట్లో పట్టీ కిందనే ఉంటాది, నిలువుగా నిలబడదు. యాడుంటే ఏముందిలే, రొండు దినాల్లో అలవాటైతాది."

యాడుంటే ఏముందో శాంతయ్య చెప్పలేదు. చూపులో కింది సగం పోయిందని నిరుడు నంద్యాల కంటి డాక్టరు చెప్పాడు. ఆ సంగతి భార్య మహానందమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. బార్‌లో ఏది ఎక్కడుందో తెలిసేలా పాత తెర చట్రానికి అంటించుకొమ్మని మూడు బొట్టుబిళ్లలు ఇచ్చింది ఆమే. కొట్టులో తెలిస్తే ఈ కుర్చీ ఉండదు. ఇంకో పని ఆయనకు రాదు.

పదకొండింటికి చాగలమర్రి నుంచి ప్రమీలమ్మ వచ్చింది. ఎకరన్నర చేను చెల్లెలి పేర రాయాలి. శాంతయ్య అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. కాగితం తెర నిండా పరుచుకుంది. టైపు చేస్తూ, బార్ కోసం గడ్డం గుండెకు ఆనించి కిందికి చూడడం, మళ్లీ తలెత్తడం. మెడ లాగుతోంది.

"ఏందప్పా, కొత్త మిషనుకు దండాలు పెడతాండావా?" అందామె.

కొట్టు యజమాని విజయభాస్కర్ నవ్వాడు. శాంతయ్య కూడా నవ్వి, ఆ తర్వాత తల వంచలేదు. చెయ్యి పాత అలవాటున మౌస్‌ను తెర ఎడమ అంచుకు జరిపి నొక్కింది. అక్కడ బార్ లేదు, కాగితమే ఉంది. ఒక వరస మొత్తం ఎంపికై దానికి రంగు పడింది. ఆయన చూపు పైవరస మీద ఉంది, కిందిది కనబడలేదు. తర్వాత కొట్టిన అక్షరం ఆ వరసను మింగేసింది.

హద్దులు చదివి వినిపించకుండా శాంతయ్య ఎవరి చేతికీ కాగితం ఇవ్వడు. అచ్చు తీసిన దాన్ని కళ్ల ఎత్తుకు పట్టుకుని చదివాడు. ప్రమీలమ్మ ఒక్కో హద్దుకు ఒక్కో వేలు ముడిచింది. మూడు వేళ్లు ముడిచింది. చిటికెన వేలు అట్లాగే నిలబడింది.

"దక్షిణం యాడప్పా? దేవరాజు చేను?"

శాంతయ్య కాగితం ఇంకా పైకెత్తి చూశాడు. లేదు. విజయభాస్కర్ లేచి వచ్చి చూశాడు. అప్పుడప్పుడు జరిగేదేలెమ్మన్నాడు.

శాంతయ్య ఆ వరస తిరిగి కొట్టి, రెండుసార్లు చదివి, ఆమెను పంపించాడు. కళ్లజోడు తుడిచాడు. పెట్టుకోలేదు. మోకాలు ఊగడం మానింది.

"నాకు కింద కనబడదు భాస్కరా. ఏడాదాయ."

విజయభాస్కర్ తన కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. తర్వాత, "కూచోన్నా. చదివే పని చూసుకుందువు, టైపు ఇంకొకరు చేస్తారు" అన్నాడు.

"ఆయమ్మ అడిగింది. అడగనోళ్లకు ఏం రాసిచ్చినానో."

అన్నం క్యారియరు తీసుకున్నాడు. గడప తడిమి, దిగి, బస్టాండు వైపు నడిచాడు. అటువైపు విజయభాస్కర్ చాలాసేపు చూశాడు.

మూలన పాత తెర గోడకు ఆని ఉంది. ఎడమ అంచున మూడు బొట్టుబిళ్లలు. నడిమిదానికి రంగు పోయింది.