బిందె అడుగు

ఉగ్గానికి బొరుగులు తడపబోయి రెజీనా చేయి వెనక్కి తీసుకుంది. తడిపితే తినేవాళ్లుండాలి. పోయిన ఆదివారం తడిపినవన్నీ చివరికి మేకల తొట్టిలోకే పోయాయి.

వంక ఒడ్డున బోదకసువు కప్పిన కొట్టమే ఆమె అంగడి. శని, ఆదివారాల్లో గవికొండ ఎక్కడానికి వచ్చేవాళ్లు డోన్‌లో రైలు దిగి, ఆటోల్లో ఇక్కడి దాకా వచ్చి, వంకలో రాళ్ల మీద అడుగులేసుకుంటూ అవతలికి దాటేవాళ్లు. అక్కడినుంచి నాగలక్ష్మమ్మ చేని గట్టు మీదుగా కొండ దారి. కొండమీది గుండంలో మునిగి, మధ్యాహ్నానికి ఆకలితో దిగివచ్చి రెజీనా చేతి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేవాళ్లు. ఈ అంగడి పుణ్యానే ఆమె, భర్త ఏసేపు మూడు చలికాలాలుగా గుంటూరు మిరప కోతలకు పోకుండా ఊళ్లో నిలిచారు.

ఇప్పుడు దాటడానికి రాళ్లూ లేవు, నడవడానికి దారీ లేదు. అవతలి ఒడ్డున ముళ్లకంప, దానిమీద ఇనుప తీగ.

చెడగొట్టింది బయటివాళ్లు కాదు. ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా కొండెక్కి ప్రార్థన చేసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. చీకట్లో ముసలివాళ్ల కాళ్లు రాళ్ల సందుల్లో పడుతున్నాయని, చర్చి ప్రహరీకి తెచ్చిన సిమెంటు మిగిలితే, ఏసేపు, పక్కింటి లేవి కలిసి ఆ సందులన్నీ పూడ్చి నున్నగా చప్టా చేశారు. పచ్చి సిమెంటు మీద ఏసేపు పుల్లతో తన పేరు కూడా రాసుకున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆ వంకలో చీలమండ దాటి నీళ్లు పారి ఎన్నేళ్లయిందో. అది నీళ్లు పోయే తావని ఎవరికీ తట్టలేదు, రెజీనాకు కూడా.

అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన వానకు వంక నిండా వచ్చింది. పోవడానికి సందు లేక నీళ్లు పక్కకు తిరిగి, నాగలక్ష్మమ్మ గట్టునూ, గట్టు మీది సీతాఫలం చెట్లనూ, వేరుశనగ చేనులో ఒక మూలనూ కోసుకుపోయాయి. చప్టా కూడా ముక్కలైంది. మర్నాడే కంప పడింది.

క్రిస్మస్ అయిన మర్నాడు కూలీల మేస్త్రీ బండి గుంటూరుకు కదులుతుంది. వస్తారో రారో చెప్పమని అతను ఇప్పటికే ఫోన్ చేశాడు. మిరప ఘాటుకు రాత్రంతా మండే కళ్లు, ప్లాస్టిక్ పట్టాల గుడిసెలో పడక గుర్తొచ్చి, చెబుతామనే అంది రెజీనా.

ఆ ఆదివారం భూపేష్ వచ్చాడు. కర్నూలులో బ్యాంకు ఉద్యోగి. నెలకోసారి పదిమందిని వెంటబెట్టుకుని కొండకు వస్తాడు. నీళ్లలోనే నడిచి అవతలికి పోయి, తీగను కట్టెతో పైకెత్తి పట్టుకుని, మిగిలినవాళ్లను దూరమన్నాడు. సగంమంది దూరేలోగా నాగలక్ష్మమ్మ గట్టు మీదికి వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు.

"ఏమప్పా, నీ ఇంటి కిటికీలో నేనిట్లా దూరితే ఊరుకుంటావా?"

"ఇది అందరూ నడిచే దారి కదా ఆంటీ, ఎప్పటినుంచో."

"అందరూ అంటే ఎవురు? నా మన్ను కొట్టుకపోయిన పొద్దు ఆ అందరూ యాడ పోయినారు? ఒగరన్నా గంపెడు మన్ను తెచ్చి పోసినారా?"

భూపేష్ కట్టె దించాడు. "నిజమే ఆంటీ. మాకు తెలీదు," అని అందరినీ వెనక్కి తిప్పాడు.

నాగలక్ష్మమ్మ చూపు ఇవతలి ఒడ్డున ఉన్న రెజీనా మీదికి వచ్చింది. "నీ మొగుని పేరు నా చేన్లో పడి ఉండాది చూడు! సిమెంటు గడ్డ మీద ఎంత బాగా రాసినాడో. దున్నేటప్పుడు నాగలికి తగులుతాండాది. వచ్చి ఎత్తుకపో!"

ఎవరో కిసుక్కుమన్నారు. రెజీనాకు తల కొట్టేసినట్టయింది. కానీ రాత్రి పడుకున్నాక ఆ తిట్టులోని ఒక మాటే చెవిలో తిరిగింది. ఒగరన్నా గంపెడు మన్ను.

పొద్దున్నే పోయి నాగలక్ష్మమ్మ ఇంటి మెట్టు దగ్గర నిలబడింది.

"అమ్మా, ఆ సిమెంటంతా పగలగొడతాం. మీ గట్టు మళ్లా పోస్తాం. దారి ఇయ్యమని అడగను. ముందు ఆ పని కానియ్యండి."

నాగలక్ష్మమ్మ చేటలో కందిపప్పు ఏరుతూ తలెత్తలేదు. "పగలగొట్టి?"

"మళ్లా రాళ్లే వేస్తాం. సందులు పెట్టి."

"ఎవురి అడుగు కొలిచి?"

ఆ వంకలో రాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు వేసినవి కావు. గట్టు నాగలక్ష్మమ్మ వాళ్లది కాబట్టి ఆ ఇంటి కోడలు నిండు బిందె సంకనెత్తుకుని వంక దాటాలి. ఆమె పాదం పడినచోట గుర్తు పెట్టి రాయి పాతాలి. నీళ్లు తొణికితే ఆ అడుగు చెల్లదు. బరువుతో, చీర కుచ్చిళ్లతో నడిచే ఆడమనిషికి అందితే ఆ దారి ఎవరికైనా అందుతుందని పెద్దల లెక్క. కిందటిసారి నడిచింది కొత్తకోడలిగా వచ్చిన నాగలక్ష్మమ్మే. రాళ్లు మోసింది రెజీనా అత్త.

"నా మోకాళ్లు చూస్తే ఇట్లుండాయి," అంది నాగలక్ష్మమ్మ. "మా కోడలు సుజన రాయచోటిలో పిల్లోళ్లకు లెక్కలు చెప్తాది గానీ, బిందె సంకనెత్తుకోమంటే కింద పెట్టి ఫోటో తీస్తాది." నవ్వు ఆపుకోబోయి రెజీనా దగ్గింది. నాగలక్ష్మమ్మ చేట విదిలించింది. "పోయి ముందు గట్టు పొయ్యండి. తర్వాత చూస్తాం."

ఏసేపు సమ్మెట ఎత్తాడు. తన చేతి పని తానే పగలగొట్టుకోవడం అతనికి కష్టంగానే ఉంది. లేవి గడ్డపారతో పెళ్లలు లేపాడు. ఆ ముక్కల్ని పారేయనియ్యలేదు నాగలక్ష్మమ్మ. కోసుకుపోయిన ఒడ్డుకు అడుగున పేర్పించి, పైన మన్ను పోయించింది. రెజీనా గంపలు మోసింది. సంఘంలో ఆడవాళ్లూ వచ్చారు. కబురు పంపితే ఆదివారం భూపేష్ తనవాళ్లతో వచ్చి ఎండ నెత్తికెక్కేదాకా మన్ను మోశాడు. ఆ పొద్దు రెజీనా బొరుగులు తడిపింది గానీ, ఎవరినీ డబ్బు అడగలేదు.

మధ్యాహ్నానికి గట్టు నిలిచాక నాగలక్ష్మమ్మ స్టీలు బిందె తీసుకుని వంకలోకి దిగింది. చీలమండల దాకా చల్లటి నీళ్లు. బిందె నింపి సంకనెత్తుకుంది. ఒక అడుగు వేసింది. ఏసేపు అక్కడ పుల్ల గుచ్చాడు. రెండో అడుగుకు మోకాలు వణికింది. నిలబడిపోయింది. పట్టుకుందామని లేవి ముందుకు రాబోతే కంటితోనే ఆపింది.

"రెజీనా, ఇట్లా రా. పట్టుకో."

రెజీనా కదల్లేదు. ఆ ఇంటి నీళ్ల బిందె ఆమె ఎన్నడూ ముట్టింది కాదు. ముట్టొద్దని ఈ మధ్య ఎవరూ అనలేదు. ముట్టమనీ అనలేదు.

"ఇస్తాండా కదే! నా చేయి జారితే మళ్లా మొదటికి రావాల."

"మీ ఇంటోళ్లు నడిచే నడక కదమ్మా..."

"దినామూ ఈ వంక దాటేది ఎవురు? నేనా? నువ్వే కదా టీ క్యాను పట్టుకుని పొద్దుకు నాలుగుసార్లు తిరుగుతావు."

రెజీనా చేతులు చాచి బిందె అందుకుంది. సంకన కుదురుకునేదాకా ఆగి, అడుగేసింది. నాగలక్ష్మమ్మ ఒడ్డెక్కి కూర్చుని మోకాలు ఒత్తుకుంటూ చూసింది.

"తొణికింది! వెనక్కి పో."

"ఒక్క చుక్కమ్మా!"

"చుక్కైనా చెల్లదు. ఎవురు పెట్టిన రూలనుకుంటాండావు? మా అత్త పెట్టింది. ఆమెతో వాదించి గెలిచినోళ్లు ఈ ఊర్లో లేరు."

రెజీనా వెనక్కి వచ్చి మళ్లీ వేసింది. ఈసారి తొణకలేదు. ఏసేపు వెంటే పుల్లలు గుచ్చుతూ వచ్చాడు. భూపేష్ ఆ పుల్లల వరస చూసి, "మా కాళ్లకు ఈ అడుగు మరీ దగ్గర కాదా ఆంటీ?" అన్నాడు.

"మీరు ఒగ రాయి వదిలేసి ఎగరండప్పా. మేం ఎగరలేం కదా."

సాయంత్రానికి రాళ్లు పాతారు. సందుల్లోంచి నీళ్లు చప్పుడు చేసుకుంటూ పోతున్నాయి. నాగలక్ష్మమ్మ తీగ తీయించలేదు. కంప ఒక పక్కకు లాగించి, రెండు కంబాలు ఎదురూబొదురూ జరిపించి మధ్యన మెలిక సందు పెట్టించింది. మనిషి ఒళ్లు తిప్పుకుని పోవచ్చు. బర్రె పోలేదు. ఏసేపు పేరున్న సిమెంటు గడ్డ మాత్రం ఒక కంబం మొదట్లోనే ఉండిపోయింది.

"దాన్ని కూడా పగలగొట్టనీ అమ్మా," అన్నాడు ఏసేపు తల దించుకుని.

"ఉండనీలేప్పా. చదువుకున్నోళ్లు వస్తారు, చదువుకుంటారు."

రెజీనా బిందె తోమి తెచ్చి ఇవ్వబోతే ఆమె అందుకోలేదు. "అంగట్లో పెట్టుకో. వానలకు ముందు మళ్లా ఒకసారి నడిచి చూడాల, రాళ్లు కదిలినాయేమో. అందాకా మా ఇంట్లో మూలన పెట్టి ఏం చేస్తా?"

క్రిస్మస్ ముందురోజు మేస్త్రీ మళ్లీ ఫోన్ చేశాడు. రెజీనా ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "ఈసారి మేము రాముప్పా. వేరేవాళ్లను చూసుకో," అంది. బిందెలోంచి వంచుకున్న నీళ్లు పొయ్యి పక్కన పెట్టుకుని, బొరుగుల మూట విప్పింది.