బడిలో నాయినా అనొద్దు

కుర్చీల వరసలు వంకరపోకుండా తాడు లాగిపట్టి చూసుకుంటున్నాడు తిరుమల్. హాలు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, మైకును చిటికెనవేలితో రెండుసార్లు తట్టి చూశాడు. మాట్లాడి చూడాలంటే మాత్రం కరెంటు పనికి వచ్చిన మనిషిని పిలిచాడు. తన గొంతు స్పీకర్లోంచి వినబడడం అతనికి ఇష్టం ఉండదు.

సన్నటి మనిషి. బూడిదరంగు యూనిఫాం చొక్కా భుజాల మీద వదులుగా వేలాడుతుంటుంది. పద్మారావు నగర్‌లోని ఈ హైస్కూల్లో అటెండరు. ప్రిన్సిపాల్ గదిలోకి టీ తీసుకెళ్తే లోపలివాళ్లు మాటలు ఆపరు. టీ వచ్చిందని చూసుకునేసరికి అతను బయట ఉంటాడు. ఆ నడక పుట్టుకతో వచ్చింది కాదు. ఇంటర్ తప్పి, మళ్లీ పరీక్ష రాసేదాకా అనుకుని చేరిన కొత్తలో, చప్పుడు చేస్తే కసురుతారని నేర్చుకున్నది. పరీక్ష రాయలేదు. కొన్నాళ్లకు ఇంట్లో కూడా అలాగే నడవసాగాడు.

ఇవాళ విద్యార్థి నాయకుల ప్రమాణ స్వీకారం. పిల్లలంతా ఓట్లేసి ఎన్నుకున్న స్కూల్ లీడరు పదో తరగతి కల్పలత. తిరుమల్ కూతురు.

ఆ పిల్లను గెలిపించింది కిందటేటి క్లాసు ప్రాజెక్టు. మిగతా జట్లు థర్మకోల్ అగ్నిపర్వతాలు తెస్తే, కల్పలత జట్టు బడి వెనక గోడ మూల అడిగి తీసుకుంది. రోజూ సాయంత్రం తిరుమల్ ఆకులు తగలబెట్టే చోటు అది. పిల్లలు అక్కడ గొయ్యి తవ్వి ఆకులు, టిఫిన్ డబ్బాల్లో మిగిలిన మెతుకులు, పేడనీళ్లు వేశారు. కంపు కొడుతోందని పక్క క్లాసుల వాళ్లు గొడవచేస్తే కల్పలత క్లాసు క్లాసుకూ వెళ్లి నచ్చజెప్పింది. ఎండలు ముదిరేసరికి గొయ్యి నిండా నల్లటి ఎరువు. చూడవచ్చిన వాళ్లకు వివరిస్తూ, "ఇదివరకు ఇక్కడ ఆకులు తగలబెట్టేవాళ్లు" అనేది. ఎవరు తగలబెట్టేవాళ్లో చెప్పేది కాదు.

బడిలో తండ్రి ఊసెత్తకూడదన్నది అతను పెట్టిన కట్టుబాటే. ఆరో తరగతిలో చేరిన వారం, వరండాలో "నాయినా!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది పిల్ల. అప్పుడతని చేతిలో బాత్రూం కడిగే బకెట్టు ఉంది. ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఆ సాయంత్రం రాంగోపాల్‌పేట్‌లో బస్సు దిగాక చెప్పాడు.

"బడిల నన్ను నాయినా అనొద్దు బిడ్డా. అందరి లెక్క తిరుమలన్నా అను."

పిల్ల కాసేపు ఆలోచించి "సరే" అంది. అప్పటినుంచి బడి దారిలో ఆమె ముందు, అతను వెనక. ఇదంతా కూతురి కోసమేనని అతను నమ్మాడు.

ఇవాళ్టి కార్యక్రమం పనులన్నీ చూస్తున్న సోషల్ టీచరు శ్రీలలిత పేపర్ల కట్టతో హడావిడిగా వచ్చింది.

"తిరుమల్, బ్యాడ్జీలు తల్లిదండ్రులే పెట్టాలి. కల్పలత పేరు పిలవగానే మీరు ముందుకొచ్చేయండి. మంచి చొక్కా తెచ్చుకున్నారా?"

ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అనేసరికి అతని చెవులు వేడెక్కాయి.

"నేనెందుకు మేడం? ప్రిన్సిపాల్ సార్ పెడితే మంచిగుంటది."

"అదేం మాటండీ? తండ్రి మీరైతేనూ!"

చొక్కా తెచ్చుకున్నాడు. భార్య అనసూయమ్మ ఇస్త్రీ చేసి సంచిలో పెట్టింది. ఆసుపత్రిలో ఆయా పని ఆమెది. "నాకు లీవ్ ఇయ్యలే. నువ్వన్న పిల్ల పక్కన నిలబడు" అని చెప్పి డ్యూటీకి పోయింది. సంచి స్టోర్ రూములో మేకుకు ఉంది. అతను వెళ్లి దాన్ని చూసి, చీపుర్లు సర్ది, తిరిగి వచ్చాడు.

హాలు నిండింది. ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డ్ కల్నల్ గారు స్టేజీ ఎక్కారు. ప్రిన్సిపాల్ అలవాటుగా, "తిరుమల్, బ్యాడ్జీల ట్రే పట్టుకో" అన్నారు. చొక్కా మార్చుకునే పని తప్పినందుకు అతనికి హాయిగా అనిపించింది.

హౌస్ కెప్టెన్లు ఒక్కొక్కరే వచ్చారు. నాగసాయి అనే పిల్లవాడికి వాళ్ల నాన్న బ్యాడ్జి పెట్టి ఫోటో కోసం చాలాసేపు నవ్వాడు. చివరికి శ్రీలలిత గొంతు మైకులో మోగింది.

"మన స్కూల్ లీడర్ కల్పలత. తల్లి అనసూయమ్మ గారు, తండ్రి తిరుమల్ గారు."

కల్పలత వచ్చి అతనికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది. నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలు. తండ్రి ఎటునుంచి వస్తాడోనని హాల్లో తలలు వెనక్కి తిరిగాయి.

తిరుమల్ కూడా తల తిప్పి హాలు చివరికి చూశాడు. రావలసినవాడెవడో ఇంకా రాలేదన్నట్టు, ముఖం మీదికి కాస్త విసుగు కూడా తెచ్చుకుని చూశాడు.

మళ్లీ ఇటు తిరిగేసరికి కూతురు అతన్నే చూస్తోంది. పెదవులు కదిలి ఆగిపోయాయి. శ్రీలలిత కళ్లతో సైగ చేసింది. ముందు వరసలో పిల్లలు "తిరుమలన్నా, పో! పో!" అని గుసగుసలాడారు. అంటే వాళ్లకు తెలుసు. అతను తల వంచుకుని ట్రేను ప్రిన్సిపాల్ వైపు జరిపాడు. కల్నల్ గారు గడియారం చూసుకున్నారు. ప్రిన్సిపాల్ బ్యాడ్జి తీసి తానే పెట్టేశారు. చప్పట్లు మోగాయి.

కల్పలత మాట్లాడింది. ఎరువు గొయ్యి గురించి చెప్పింది. టీచర్లకు, స్నేహితులకు, అమ్మకు కృతజ్ఞతలు చెప్పింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, కాగితం మడిచి దిగిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక అతను కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతున్నాడు.

"నాయినా."

ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. ఆ చూపు ఆమె కంటపడింది.

"ఎవ్వరు లేరు" అంది.

"అది గాదు బిడ్డా. గంత పెద్దోళ్ల ముంగట నీ ఇజ్జత్ పోతదని..."

"నా దోస్తులందరికీ ఎరుకే. ఆరో తరగతిలనే చెప్పిన. ఎవ్వరు నవ్వలే. నువ్వు వద్దన్నవని బడిల పిలవలే. ఇయ్యాల నువ్వు సుత నాయిన ఏడున్నడని ఎన్కకు చూసినవ్. నాకు మస్తు శరమైంది. నీ పనికి గాదు నాయినా."

చేతిలో కుర్చీ ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.

"జెర ఆగు. ఇవి సర్దినంక కలిసి పోదం."

"వద్దు. నేను పోతున్న."

అతను గేటు దాకా వెళ్లాడు. కల్పలత రోడ్డు దాటి బస్సు కోసం నిలబడింది. పిలవాలని నోరు తెరిచాడు. కార్ల దగ్గర తల్లిదండ్రులు ఇంకా కబుర్లాడుకుంటున్నారు. నోరు మూసుకున్నాడు. బస్సు వచ్చింది, పోయింది.

తిరిగి వచ్చి స్టేజీ ఎక్కాడు. కార్యక్రమం చివర తల్లిదండ్రులకు పంచిన మల్లె మొక్కల్లో ఒకటి బల్ల మీద మిగిలిపోయింది. దానికి కట్టిన అట్టముక్క మీద శ్రీలలిత అందమైన అక్షరాలతో "తిరుమల్ గారికి" అని రాసింది. నల్ల కవరు అడుగునుంచి మట్టినీళ్లు సన్నగా కారి, బల్ల అంచు దాకా వచ్చి ఆగాయి.