మూడడుగుల గెట్టు

ఎర్రసముద్రపు దక్షిణపు కొసన, ఫరసాన్ ద్వీపాల నుంచి పడవలో మరో రెండు గంటలు పోతే, పటంలో చుక్కగానైనా గౌరవం పొందని ఒక దీవి ఉంది. దాని పొడవు ఏడువందల అడుగులు, వెడల్పు మూడువందల యాభై. ఈ కొలత ఏ సర్వే శాఖదీ కాదు. మెట్‌పల్లి తాపీమేస్త్రీ రాజేశం తన కాళ్లతో కొలిచి లోకానికి ప్రసాదించినది.

నీటికింది రాతిగుట్టల సంగతి పడవలవాళ్లకు చెప్పేందుకు అక్కడ రెండు దీపస్తంభాలు నిలపాలని కంపెనీ సంకల్పించింది. పునాదులకు రాజేశాన్నీ, వైరింగుకు వేములవాడ వైపు కుర్రవాడు సదానందాన్నీ దించి వెళ్లింది. ప్రతి గురువారం కడప మస్తాన్ వలీ పడవలో నీళ్ల డ్రమ్ములు, బియ్యం తెచ్చేవాడు. దిగుతూనే, "దీవి ఈడనే ఉండాదే! యాడికీ పోలేదా?" అని అడిగేవాడు.

ఆ ప్రశ్న పూర్తిగా పరిహాసం కాదు. మాఘమాసపు మధ్యాహ్నాల్లో సముద్రమూ ఆకాశమూ ఒకే పాలరంగులోకి కరిగిపోయేవి. అంచు ఎక్కడో తెలిసేది కాదు. దీవి లంగరు తెంపుకొని మెల్లగా ఎటో సాగుతున్నట్టుండేది. రాజేశం అప్పుడప్పుడు అరచేయి నేలకు ఆనించి చూసుకునేవాడు.

పూర్వపు మహానావికులు జెండాలతో, ఫిరంగులతో బయలుదేరేవారు. రాజేశం ఒక నీళ్ల సీసా పట్టుకొని, పని ముగిసిన సాయంత్రాల్లో, తన భూభాగాన్ని కనుగొన్నాడు. వారు రేవులకు తమ రాణుల పేర్లు పెట్టినట్టే అతడూ ఉత్తరపు రేవుకు భార్య పేరిట పోచవ్వ రేవు అని నామకరణం చేశాడు. అలలు గుర్రుపెట్టే దక్షిణపు రాతికొన, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని పేరిట, కఫీల్ ముక్కు అయింది. నడిమధ్యన నడుమెత్తు పుల్లల కుప్ప ఉంది. అందులో చేపలగద్దల జంట, వాటి రెండు పిల్లలు. దానికి మాత్రం అతడు పేరు పెట్టలేదు. అది అప్పటికే ఎవరిదో ఒకరిదని అతనికి తోచింది.

మొదటి స్తంభం నిలిచింది, దీపం వెలిగింది. రెండవదానికి గుర్తుగా సర్వేవాళ్లు వేసవిలో, గూడు ఖాళీగా ఉన్నప్పుడు, కొట్టి పోయిన ఇనుపమేకు సరిగ్గా ఆ పుల్లల్లోంచి తల ఎత్తి చూస్తున్నది.

దీవి మొత్తంలో మెత్తటి నేల అక్కడ ఒక్కచోటే. రెండు రోజుల్లో గొయ్యి తీయవచ్చు. మిగతాదంతా పగడపురాయి, ఉలిపెట్టి కొడితే తొమ్మిది రోజులు. ఆపైన కాంక్రీటును వారం రోజులు తడపాలి. "పది మీటర్లు ఇటైనా అటైనా నాకొకటే, పని ఖలాస్ చేయండి" అని ఇంజనీరు ఔదార్యం చూపాడు. రెండో స్తంభం నిలిచాకే సదానందానికి ఇంటికి పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం. చెల్లెలు ఉమారాణి పెళ్లి పద్నాలుగు రోజుల్లో ఉంది. మెత్తటి నేలైతే అందుకుంటాడు. రాయైతే అందుకోడు.

"రెండు పిట్టపిల్లల కోసం నా చెల్లె లగ్గం ఇడిశిపెట్టాల్నా అన్నా?"

"లగ్గం నువ్వు లేకున్నా అయితది. గూడు వీకితె గవి బతుకయి. నెల రోజులల్ల ఎగురుతయి తియ్యి."

"నెలకు నా చెల్లె అత్తగారింట్ల వంట జేత్తది. నీ చెల్లెదైతె గిట్లనే అందువా?"

రాజేశం గడ్డపార దాచాడు. యుద్ధం ప్రకటితమైంది. రెండు పొయ్యిలు వెలిశాయి. వ్యూహాత్మక వనరుల పంపకంలో ఉప్పుడబ్బా సదానందం వశమైంది, లైటరు రాజేశం వశమైంది. మూడు రోజులు ఒకడు నానబెట్టిన బియ్యం నమిలాడు. మరొకడు దిక్కులన్నిటా అంతులేని ఉప్పునీళ్లను పెట్టుకొని చప్పటి అన్నం తిన్నాడు. చేపలగద్దలు మాత్రం వేళకు చేపలు తెచ్చుకుంటూ తటస్థంగా ఉన్నాయి.

నాలుగోనాడు, బుధవారం పొద్దున, సదానందం లైటరు అడగడానికి వచ్చి సంధి ప్రతిపాదించాడు. "గెట్టు వెడదామే. నడిమిట్లకెల్లి పోచవ్వ రేవు కాన్నుంచి కఫీల్ ముక్కు దాక. మేకు నా దిక్కు వడితె తవ్వుత. నీ దిక్కు వడితె నోరు మూసుకుంట."

"ఎవ్వలు నడుస్తరు?"

"నువ్వే. నడిమెక్కడ్నో నీకే ఎరుక. మన్ను నెత్తికెత్తుకొని నడువు."

పొలం హద్దు తగాదాలో నెత్తిన మట్టిపెళ్ల పెట్టుకొని నడిచినవాడి దారే గెట్టు. అతడు అబద్ధపుటడుగు వేస్తే ఆ మట్టి ఊరుకోదు. ఈ పద్ధతి వాళ్ల తాతలది. సాక్షి ఎర్రని బట్టలు కూడా కట్టాలని పాత ధర్మశాస్త్రాలు విధించాయి. శాస్త్రం సంగతి తెలియకపోయినా రాజేశం కంపెనీవారి నారింజరంగు కోటు తొడిగాడు. చిక్కు మట్టితో వచ్చింది. దీవిలో ఉన్నది ఇసుక, గవ్వలు, రాయి. మెత్తటి నేల అన్నదీ గవ్వల పొడే, పెళ్లగా నిలవదు. చివరకు సంచిలో గడ్డకట్టిన సిమెంటు ముక్క భూదేవి స్థానాన్ని అలంకరించింది.

యాత్ర మొదలైంది. ముందు రాజేశం, వెనుక అతని అడుగుల్లో రాళ్లు పేర్చుతూ సదానందం. సముద్రం ఆ రోజు మరీ తెల్లగా ఉంది. దీవి తమతో పాటు దక్షిణానికి నడుస్తున్నట్టనిపించింది. వెడల్పులో సగం నూట డెబ్బై ఐదు. మేకు ఎన్నో అడుగున ఉందో రాజేశానికి తెలుసు. తూర్పు ఒడ్డు నుంచి, అంటే తన వైపు నుంచి, నూట డెబ్బై ఎనిమిది. కాస్త పడమటికి ఒరిగితే చాలు, గూడు తనదవుతుంది. వామనుడికి మూడడుగులతో లోకాలు దక్కాయి; ఇతనికి కావలసింది ఒక పుల్లలకుప్ప.

గూటి దగ్గరికి వచ్చి అతడు ఆగిపోయాడు. తల్లిగద్ద లేచి తలపైన తిరుగుతూ అరుస్తున్నది.

"ఏందన్నా ఆగినవ్? మెడ వట్టిందా?"

"సదా, సక్కగ వోతె గూడు నీ దిక్కు వడ్తది. మూడడుగులు."

సదానందం చేతిలోని రాయి కింద పెట్టాడు. "చెప్పకపోతె నాకేం తెలుసునే?"

"నెత్తిమీద మన్ను వెట్టుకొని ఎట్ల చెప్పకుందు?"

"అది మన్ను గాదు, సిమెంటు గడ్డ."

"నెత్తికేం తెలుసురా?"

గెలిచినవాడు గెలుచుకున్నదాన్ని చూడటానికి పోయి, మొదటిసారి గూట్లోకి తొంగిచూశాడు. ఒక పిల్ల తనకంటే పెద్ద చేపతోకను మింగలేక, వదలలేక, ముక్కు తెరిచి అతనివైపు చూసింది. రెండోది దాని వెనుక నక్కింది. సదానందం పెదవులు కదిలాయి. రోజులు లెక్కపెట్టుకుంటున్నాడని రాజేశం గ్రహించాడు.

తరువాత సదానందం రాజేశం నెత్తి మీది సిమెంటు గడ్డను తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. "నేను నడుస్త. తెలిసి అబద్ధమాడితెనె పాపం. నడిమెక్కడ్నో నేనెన్నడన్న కొలిసిన్నా?"

"ఇప్పుడే చెప్తి గదరా!"

"నాకినవడలే. గాలి."

గాలికి మినహాయింపు ఇచ్చిన శాస్త్రం ఏదీ లేదు. ఆ రోజు గాలి కూడా లేదు. సదానందం గూటిని చుట్టి, మూడడుగులు పడమటికి ఒరిగి, మళ్లీ తిన్నగా సాగిపోయాడు. వెనుక రాజేశం రాళ్లు పేర్చాడు, తల ఎత్తకుండా.

మరునాడు మస్తాన్ వలీ వచ్చాడు. "ఏందప్పా ఈ రాళ్ల వరస? నడుమ పాము కోడిని మింగినట్ట ఆ ఉబ్బేంది?"

"గెట్టు," అన్నాడు సదానందం.

"ఇద్దరుండే దీవికి గెట్టా! మూడోవాడొస్తే కోర్టు గూడా పెడతారేమో!"

గెట్టుకు పడమట రాయి మీద ఇద్దరూ ఉలి పట్టారు. వైరింగువాడి అరచేతులు బొబ్బలెక్కాయి. తొమ్మిది రోజుల పని ఎనిమిదికి తగ్గింది. ఆ ఒక్కరోజు ఎవరికీ సరిపోలేదు. పద్నాలుగోనాడు పొద్దున, కొత్త కాంక్రీటు మీది గోనెసంచులు తడుపుతూ సదానందం గడియారం చూసుకున్నాడు. బియ్యపుసంచిలోంచి గుప్పెడు తీసి, పసుపుకు బదులు పచ్చటి కరెంటు వైరుకు తాకించి, నీళ్ల మీదికి చేయి చాపాడు.

"గది గాదురా దిక్కు," అన్నాడు రాజేశం, దీవి మొత్తాన్ని కొలిచినవాడి అధికారంతో. అతని భుజాలు పట్టుకొని తూర్పుకు, కొంచెం ఉత్తరానికి తిప్పాడు. "గటు. ఇప్పుడెయ్యి."

అక్షింతలు సముద్రంలో పడ్డాయి. రెండు గింజలు మాత్రం తడిగోనెకు అంటుకుంటే రాజేశం వాటిని తీయలేదు.

స్తంభం నిలిచాక, పదహారు రోజుల పండుగకైనా అందుకోవాలని సదానందం పడవ ఎక్కాడు. రంగుల పని మిగిలిందని రాజేశం అడిగి మరీ ఉండిపోయాడు. పెద్దపిల్ల గూటి అంచున నిలబడి రెక్కలు విదిలిస్తున్నది.

"ఎగిరినంక ఫోన్ జెయ్యే!"

"సిగ్నల్ ఏడున్నదిరా?"

"దీపం రెండుమాట్ల ఆర్పి ముట్టియ్యి. నేను వేములాడల నిలవడి చూత్త!"

మస్తాన్ వలీ నవ్వుతూ ఇంజను తిప్పాడు. సదానందం నవ్వలేదు. పాలరంగు వెలుగులో దీవి వెనక్కి జరిగింది, స్తంభాలు సన్నబడ్డాయి. నారింజరంగు కోటు చుక్క అయింది. కట్టకడపటి దాకా కనిపించింది ఆ తెల్లరాళ్ల గెట్టు. అది తిన్నగా వచ్చి, ఒక్కచోట పక్కకు తొలగి, మళ్లీ తన దారి పట్టింది.